సగం సగం యేసన్న

కళ్యాణదుర్గం బస్టాండు వెనక సందులో రేడియోలు, కంప్యూటర్లు బాగుచేసే యేసన్నకు దేవుడు మంచి గుణాలన్నీ ఇచ్చి, పంపించే ముందు ఒక్క జబ్బు అంటించాడు. ఏది చెడినా, ఎవరు వచ్చి చెప్పినా, "ఎప్పటిదాకా బాగుండె?" అని అడుగుతాడు. చెప్పేదాకా వదలడు. చెప్పాక అసలే వదలడు. బాగున్న రోజుకూ చెడిన రోజుకూ మధ్యనున్న కాలాన్ని సరిగ్గా సగానికి కోసి, "ఆ పొద్దు ఎట్లుండె?" అంటాడు. ఆ పొద్దు బాగుంటే ముందు సగం అవతల పారేస్తాడు, బాగాలేకుంటే వెనక సగం. మిగిలినదాన్ని మళ్లీ కోస్తాడు. ఇట్లా కోసుకుంటూ పోయి చివరికి ఏ గడియలో చెడిందో పట్టుకుంటాడు. అప్పటిదాకా ఫిర్యాదు చేసిన మనిషికి ఓపిక మిగిలి ఉంటే అది వాళ్ల పూర్వజన్మ పుణ్యం.

ఆయన భార్య సువార్తమ్మ పెళ్లయిన కొత్తలో ఒకసారి చారులో ఉప్పెక్కువైందని నోరు జారింది.

"ఎప్పటిదాకా బాగుండె?"

"ఏమో, ఆదివారం బాగుండె."

"ఈ పొద్దు శనివారం. బుధవారం ఎట్లుండె?"

"తిన్నది నువ్వే గదా, నీ నాలికనడుగు!"

నాలికను అడిగాడు, పక్కింటివాళ్లను అడిగాడు, మొత్తానికి తేల్చాడు. గురువారం కల్లుప్పు అయిపోయి పొడి ఉప్పు డబ్బా తెరిచారు, చెంచా మాత్రం పాతదే. కారణం దొరికేసరికి చారు చల్లారి, అన్నం ఎండిపోయింది. అప్పటినుంచి సువార్తమ్మ ఇంట్లో ఏదీ చెడదు. ఇల్లు కారినా ఆమె చెప్పదు. ఇల్లు కారేంత వాన ఈ సీమలో ఎప్పుడోగానీ పడదు కాబట్టి సంసారం సాగిపోతోంది.

ఇంకోసారి, పదకొండేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములిద్దరిని కూర్చోబెట్టి, వాళ్లు చివరిసారి మాట్లాడుకున్న పండుగ నుంచి కోత మొదలుపెట్టాడు. బావి దగ్గర తీసుకున్న మోకు తిరిగి ఇవ్వకపోవడం దగ్గర తేలింది. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోయి ఉన్నారు. గుర్తు చేసినందుకు అక్కడే కొత్తగా కొట్టుకున్నారు.

ఇట్లాంటి మనిషి చేతిలో తన ఉద్యోగం పడుతుందని సరళ కలలో కూడా అనుకోలేదు.

సరళ శనక్కాయ రైతుల సహకార సంఘంలో కాంట్రాక్టు ఆపరేటరు. ఆమె జీతం మీద తల్లి గంగక్క, మూడో తరగతి చదివే కూతురు బతుకుతున్నారు. మొగుడు బెంగుళూరులో ఉన్నాడని ఊరు అంటుంది. ఉన్నాడని ఆమె మాత్రం అనదు.

సంఘంలో పదకొండు వేల మంది రైతుల జాబితా కంప్యూటర్లో ఉంటుంది. అంతకుముందు రెండేళ్లు చనిపోయినవాళ్లు కొందరు లేచివచ్చి సబ్సిడీ విత్తనం తీసుకుపోయి మళ్లీ చనిపోయారు. అందుకని పైవాళ్లు గట్టి తాళమున్న కంప్యూటర్ పంపారు. దాని లోపల గోరంత భద్రతా చిప్పు ఉంటుంది. జాబితాకు వేసిన తాళం చెవి ఆ చిప్పు పొట్టలో. కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టం నానా దేశాలవాళ్లు కలిసి రాసి ఉచితంగా పంచేది. దాని నడిమధ్య అన్నింటికీ పెద్ద మేస్త్రీ లాంటి కెర్నెల్, ఆ కెర్నెల్‌లో చిప్పుతో మాట్లాడటానికి దుబాసీ లాంటి డ్రైవర్. చిప్పు పలికితేనే జాబితా తెరుచుకుంటుంది. పలకకపోతే రైతులు ఉన్నా లేనట్టే, చనిపోయినవాళ్లతో సమానం.

రెండువేల ఎనిమిది జూన్‌లో ఒక శనివారం సాయంత్రం, "కొత్త కెర్నెల్ వచ్చింది, వేసుకుంటారా?" అని తెర మర్యాదగా అడిగింది. సరళ అంతకన్నా మర్యాదగా "సరే" నొక్కి ఇంటికి పోయింది. ఆదివారం రాత్రి విత్తనం వేయడానికి సరిపడే పదును వాన పడింది. సోమవారం పొద్దున తొమ్మిదికల్లా మూడొందల మంది రైతులు సంఘం ముందు చెప్పులు, సంచులు, రాళ్లు వరసలో పెట్టి, తాము మాత్రం నీడన నిలబడ్డారు. సరళ కంప్యూటర్ వేసింది. భద్రతా చిప్పు జవాబు చెప్పడం లేదని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. జాబితా తెరుచుకోలేదు.

సంఘం సెక్రెటరీ విష్ణువర్ధన్‌కు కంప్యూటర్ గురించి తెలిసినవి రెండే సంగతులు. దాని మీద గుడ్డ కప్పాలి, అది చెడితే ఎవరినో ఒకరిని తీసెయ్యాలి.

"ఏం నొక్కినావు?"

"అది అడిగితే సరే అని నొక్కినా సార్."

"అడిగితే? రేపు నీ ఇల్లు రాసియ్యమని అడుగుతాది. రాసిస్తావా?"

వరసలో నిలబడిన చౌడమ్మ, "బల్లి దూరింటాది సార్," అంది. వాచ్‌మన్ బయ్యన్న శుక్రవారం నిమ్మకాయ కట్టలేదని గుర్తుచేశాడు. సెక్రెటరీ రెండూ విని, నిమ్మకాయ తెప్పించి, యేసన్నకు కూడా కబురు పంపాడు.

యేసన్న మోపెడ్ దిగీదిగకముందే అడిగాడు. శనివారం అయిదింటిదాకా బాగుందని సరళ చెప్పింది. ఆయన కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు, ఏదో మీట నొక్కి పట్టుకున్నాడు, తెర మీద వచ్చిన రెండు పేర్లలో రెండోదాన్ని ఎంచాడు. జాబితా తెరుచుకుంది. మొత్తం పది నిమిషాలు పట్టలేదు.

"కొత్త కోడలొచ్చినంత మాత్రాన అత్త ఇల్లిడిచి పోదు గదమ్మా. పాత కెర్నెల్ లోపలే ఉండాది. దీంతో నడిపించు."

బయట రైతులు ఈలలు వేశారు. సరళ ప్రాణం లేచివచ్చింది. వచ్చిన ప్రాణం సెక్రెటరీ నోరు తెరిచేదాకా మాత్రమే నిలిచింది.

"పాతది పెడితే పలుకుతాది, కొత్తది పెడితే పలకదు. అంటే కొత్తది వేసిందే తప్పు. వేసిందెవరు?"

ఆ మధ్యాహ్నమే మెమో వచ్చింది. అనుమతి లేకుండా మీట నొక్కి సంఘపు యంత్రమును చెడగొట్టినందుకు ఏల తొలగించరాదో వచ్చే సోమవారం పాలకవర్గ సమావేశానికి ముందు సంజాయిషీ ఇవ్వవలెను. నంబరు, తేదీ, ముద్ర అన్నీ ఉన్నాయి. మూడు వారాలుగా విత్తనానికి తూకం రాళ్లు తెప్పించలేని ఆఫీసు, మెమోను మాత్రం మూడు గంటల్లో తెప్పించింది.

సరళ ఆ కాగితం పట్టుకుని యేసన్న మీద విరుచుకుపడింది. "అన్నా, నువ్వు పది నిమిషాల్లో బాగుచేసి నా కొంప ముంచినావు. రెండు దినాలు తిప్పలు పడినట్టన్నా చేస్తే యంత్రం తప్పనుకునేవాళ్లు."

యేసన్న మెమో చదవలేదు. తెర వైపు చూస్తూ తల గోక్కున్నాడు. "ఇంగా తెలవలేదు మ్మా."

"ఏం తెలవలేదు?"

"పాతది బాగుండె. కొత్తది బాగలేదు. నడమ ఎవరెవరో చేసిన మార్పులు ఎనిమిది వేల నూటతొంభై ఉండాయి. యాడ చెడిందో తెలవల్ల గదా."

"ఎనిమిది వేలా! వచ్చే సోమవారం నా నెత్తిన బండ పడతాంటే ఎనిమిది వేలు చూస్తావా?"

"పదమూడుసార్లు కోస్తే చాలు."

సరళకు సువార్తమ్మ చారు కథ గుర్తొచ్చి కళ్లు తిరిగాయి. ఈయన జబ్బుకు మందుగా తన ఉద్యోగం దొరికిందన్నమాట.

సెక్రెటరీ కూడా అభ్యంతరం చెప్పాడు. "పని నడుస్తాంది గదప్పా, ఇంగేంటికి? ఆయమ్మ నొక్కినందుకే చెడిందని ఒక ముక్క రాసిచ్చి పో."

"తెలవందే ఎట్ల రాసేది సార్? మీ పనికి అడ్డం రాను. పొద్దున ఆఫీసు తెరవకముందు ఒకసారి, మీరు అన్నం తినేటప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకుంటా."

పిచ్చివాడితో వాదన ఎందుకని సెక్రెటరీ ఒప్పుకున్నాడు.

మంగళవారం నుంచి కోత మొదలైంది. యేసన్న అంగడిలో రెండు లారీ బ్యాటరీలు కట్టి, కరెంటు ఉన్నా పోయినా నడిచేలా తన కంప్యూటర్‌ను కూర్చోబెట్టాడు. మార్పుల వరసలో సరిగ్గా సగం దగ్గర గీత గీసి, ఆ గీతదాకా ఉన్నవాటితో ఒక కెర్నెల్ కట్టించేవాడు. దానికి రెండు గంటలు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మోపెడ్ మీద సంఘానికి తెచ్చి, కంప్యూటర్ వేసి, చిప్పు పలుకుతుందా లేదా చూసేవాడు. సరళ రూళ్ల నోటుపుస్తకంలో నంబరు వేసి, ఎదురుగా "బాగుంది" అనో "చెడింది" అనో రాసేది. అంతే. మళ్లీ మిగిలిన సగంలో సగం.

"ఒక్కదాన్ని తప్పు రాస్తే మొత్తం తప్పుదోవ పడతాది మ్మా. చూసిందే రాయల్ల," అని మొదటిరోజే చెప్పాడు.

"నేను చూసిందే రాస్తా. చూడంది రాసేది మెమోల్లోనే," అంది సరళ.

వరసలో నిలబడ్డ జనానికి ఇది మంచి కాలక్షేపమైంది. ఆదెన్న అనే రైతు రోజూ కిటికీలోంచి తల పెట్టి, "ఏం యేసన్నా, ఈ పొద్దు ఎంత మిగిలిండాది?" అని అడిగేవాడు. వెయ్యి అంటే వెయ్యి, ఐదొందలంటే ఐదొందలు, వరసంతా పాకిపోయేది. సెక్రెటరీ మాత్రం, "కోత అయిందా, ఇంగా కలుపే తీస్తాండావా?" అనేవాడు. యేసన్న నవ్వేవాడు. ఎవరేమన్నా నవ్వడం ఆయన రెండో జబ్బు, కానీ దానివల్ల ఎవరికీ చారు చల్లారదు.

బుధవారం మధ్యాహ్నం ఐదోసారి. యేసన్న కెర్నెల్ పెట్టి, అంగడిలో గిరాకీ కాచుకున్నాడని పోయాడు. కంప్యూటర్ లేస్తూ ఉండగా బయట చెప్పుల వరసలో ఎవరి చెప్పు ముందుదనే విషయం మీద చౌడమ్మకూ ఇంకొకాయనకూ జుట్లు ముడిపడ్డాయి. సరళ పరుగెత్తుతూ, "బయ్యన్న తాతా, తెర మీద జాబితా వచ్చిందో లేదో చూసి రాయి," అని నోటుపుస్తకం ఆయన చేతిలో పెట్టింది.

పాపం, అడగకూడని మనిషిని అడిగింది. విత్తనం గదిలో మొదటి సంచి విప్పింది మొదలు చివరి సంచి పోయేదాకా "చెడింది", "లేదు", "అయిపోయింది" అనే మాటలు బయ్యన్న నోట రావు. విత్తనం వింటుందనీ, విన్న విత్తనం మొలవదనీ ఆయన నాయన చెప్పాడు. గోదాములో ఎలుక చచ్చినా "పండుకుండాది" అంటాడు. తెర మీద ఎర్రక్షరాలు చూశాడు. చేతిలో కాగితం. పక్క గదిలో మూడొందల సంచుల విత్తనం. బయ్యన్న కళ్లు మూసుకుని "బాగుంది" అని రాశాడు.

ఆ తర్వాత చూసిందల్లా చెడింది. బుధవారం సాయంత్రం చెడింది. గురువారం మూడుపూటలా చెడింది. సరళ నోటుపుస్తకం మూసేసింది.

"నా జాతకమే అట్లుండాదిలే అన్నా. ఇంగ ఇడిసిపెట్టు."

యేసన్న నోటుపుస్తకం ముందుకూ వెనక్కీ తిప్పాడు. "జాతకం కాదు మ్మా. ఐదోదాని తర్వాత నాలుగుసార్లు వరసగా చెడింది. ఆఖరున బాగుందని రాసింది ఆ ఐదోదే. దాన్ని మళ్లా చూద్దాం."

శుక్రవారం పొద్దున మళ్లీ చూశారు. ఐదోది చెడింది. మూలన నిలబడ్డ బయ్యన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. సరళకు అర్థమైంది. ఒకటిన్నర రోజు మట్టిలో కలిసింది, సమావేశానికి మూడే రోజులున్నాయి. ఆమె గిర్రున తిరిగి నోరు తెరిచేలోగా యేసన్న పెన్ను తీసుకున్నాడు.

"నాలుగోదాకా లెక్క బాగుండె. ఈడినుంచి మళ్లా పోదాం. రెండొందల యాభై ఆరు మిగిలినాయి, ఇంగెనిమిదిసార్లు."

ఐదో నంబరు పక్కన "కరెంటు ఊగింది, మళ్లీ చూసినాము" అని రాశాడు. బుధవారం మధ్యాహ్నం కరెంటు ఊగలేదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. బయ్యన్న తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. సరళకు మాత్రం ఒళ్లు మండింది. ఈయన మంచితనం ఈయన ఇంట్లో చూపించుకోక తన ఉద్యోగం మీద చూపిస్తున్నాడేమిటని రోజంతా ముఖం ముడుచుకునే ఉంది.

ఆదివారం ఆఫీసుకు సెలవు. అయినా బయ్యన్న ఎవరూ అడగకముందే తలుపు తీసి, ఊడ్చి, నీళ్లకుండ నింపి కూర్చున్నాడు. యేసన్న చర్చి నుంచి నేరుగా వచ్చాడు. మధ్యాహ్నం సువార్తమ్మ రాగి సంగటి, శనక్కాయల ఊరిబిండి తెచ్చి ముగ్గురికీ పెట్టింది.

"ఇన్నాళ్లూ ఉప్పుతో, పప్పుతో ఆగిండె. ఇప్పుడు ఊరిమీద పడినాడు," అని సరళతో గొణిగింది. "నీకేం చెప్పినాడు తల్లీ?"

"యాడ చెడిందో తెలవల్లంటాడు."

"అంతే. ఎవరు చెప్పినా అంతే."

సాయంత్రం నాలుగింటికి పదమూడోది. రెండే మిగిలాయి. రెండోదాన్ని తీసేస్తే చిప్పు పలికింది. అంటే చెడ్డది రెండోదే. యేసన్న దాన్ని తెరిచి చదివాడు, రెండుసార్లు చదివాడు, తర్వాత కడుపుబ్బ నవ్వాడు.

"ఏందన్నా?"

"డ్రైవర్ చిప్పును పలకరిస్తే, జవాబు కోసం ముందు ఒక సెకను ఆగేది. కంప్యూటర్ బిరబిరా లేయల్లని ఎవరో దాన్ని ఇరవయ్యో వంతుకు తగ్గించినారు. కొత్త చిప్పులు సరసరా పలుకుతాయి. మనది నిదానం. ఇది నోరు తెరిచేలోగా ఆ దుబాసీ పోయినాడు!"

"అంటే... నేను నొక్కినందుకు కాదా?"

"నువ్వు నొక్కకపోయినా యెవురో ఒకరు యాడో ఒకచోట నొక్కేవాళ్లే. వాళ్లకూ ఇదే అయ్యుండు."

కొత్త కెర్నెల్‌లోనే ఆ ఆగే కాలాన్ని మళ్లీ ఒక సెకను చేసి కట్టించి తెచ్చాడు. చిప్పు తాపీగా పలికింది. జాబితా తెరుచుకుంది. సరళ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. బయ్యన్న అప్పటికీ "బాగుండాది, బాగుండాది" అన్నాడు, ఈసారి నిజమే.

ఆ మార్పు చేసినాయనకు యేసన్న తన వచ్చీరాని ఇంగ్లీషులో ఈమెయిల్ పంపాడు. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు జవాబు వచ్చింది. పదకొండింటికి పాలకవర్గం కూర్చుంది. యేసన్న నోటుపుస్తకం, జవాబు ప్రింటు, దానికి తాను రాసిన తెలుగు ముందుపెట్టాడు. సెక్రెటరీ తెలుగు పైకి చదవాల్సివచ్చింది. "తప్పు నాది. నిదానంగా పలికే పాత చిప్పుల మీద పరీక్షించకుండా మార్చాను. కొత్త కెర్నెల్ వేసుకున్నవారి తప్పేమీ లేదు, వేసుకోమని చెప్పేది మేమే. వెంటనే సరిచేస్తున్నాను. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు మన్నించండి."

సభ్యులు తలలూపారు. తమ జన్మలో "తప్పు నాది" అనే మాట ఆ గదిలో వినడం వాళ్లకదే మొదలు. ఎవరో సరళ మెమో రద్దు అన్నారు, మిగతావాళ్లు సరే అన్నారు.

సెక్రెటరీ ఇంగ్లీషు ప్రింటు తిరగేశాడు. అడుగున పేరుండాల్సిన చోట కాగితం కిటికీలా కోసి ఉంది.

"పేరేదప్పా?"

"ఎలుక కొరికింది సార్."

"ఎలుక కత్తెరతో కొరుకుతాదా?"

"సంఘం ఎలుకలు సార్. జాబితాలే తిన్నాయి, కత్తెర పట్టుకోలేవా?"

"ఎగతాళి వద్దు. పేరు చెప్పు. వాళ్ల ఆఫీసుకు కాగితం రాయల్ల."

యేసన్న నవ్వు ఆపాడు. "ఆ యప్పకూ యాడో ఒక సెక్రెటరీ ఉంటాడు గదా సార్."

గోడకు ఆనుకుని నిలబడ్డ సరళకు అప్పుడు తట్టింది. వారం రోజులుగా ఈ మనిషి యాడ అన్నాడు, ఎప్పుడు అన్నాడు, ఎట్లా అన్నాడు. చేసిందెవరని మాత్రం ఒక్కసారీ అడగలేదు. తననూ అడగలేదు, బయ్యన్ననూ అడగలేదు. జబ్బు జబ్బని తాము నవ్వుకున్నది దీన్నా అని ఆమెకు సిగ్గేసింది. శుక్రవారం ముఖం ముడుచుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

సెక్రెటరీ మాత్రం దిగిరాలేదు. "అట్ల కుదరదు. మెమోకు నంబరు పడింది. ఫైలు మూయల్లంటే ఎవరో ఒకరి పేరుండల్ల."

"నా పేరు రాసుకోండి సార్."

"నీదా? నువ్వేం చేసినావు?"

"ఏదో ఒకటి రాయండి. మీ దగ్గర నాకు ఉద్యోగం లేదు, పీకేసేదానికి మీకు వీలుపడదు."

సభ్యుల్లో ఒకాయన ఫక్కున నవ్వాడు. దాంతో అది తీర్మానమైంది. ఆ మధ్యాహ్నం సరళ కొత్త మెమో టైపు కొట్టింది. కళ్యాణదుర్గం యేసన్న అను వ్యక్తి సంఘపు యంత్రమును వారము దినములు పదేపదే ఆపి, వేసి, కోసి, అందరినీ విసిగించినందుకు ఇందుమూలముగా హెచ్చరించడమైనది. "పదేపదే" అనే మాట యేసన్నే చెప్పి రాయించాడు. ముద్ర సెక్రెటరీ స్వయంగా వేశాడు.

యేసన్న ఆ కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి భార్యకు ఇచ్చాడు. సువార్తమ్మ నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివింది. తన కడగండ్లు సర్కారు ముద్రతో సహా ఒకరు గుర్తించడం ఆమెకు నమ్మశక్యం కాలేదు. మర్నాడే అద్దం కట్టించి వంటింట్లో ఉప్పు డబ్బా పైన తగిలించింది. దాన్ని టైపు కొట్టినామెను ఆదివారం భోజనానికి పిలుచుకు రమ్మని మొగుడికి గట్టిగా చెప్పింది.